నాలుగో నట్టు

వేడెక్కిన తుప్పు ఇనుముకి కొవ్వొత్తి ముక్క ఆనిస్తే మైనం కరిగి, సన్నటి పొగతో పాటు ఒక వాసన వస్తుంది. అందులో సగం చర్చి వాసన, సగం రైలుపట్టాల వాసన, అడుగున ఎక్కడో కిరసనాయిలు. కోకాపేటలో మా అపార్ట్‌మెంటు రెండో సెల్లార్‌లో, ఒక ఆదివారం పొద్దున, పాత బొంత పరుచుకుని నాన్న కారు కింద వెల్లకిలా పడుకున్న నాకు ఆ వాసన తగలగానే నడుం నొప్పి, సోమవారం ఆఫీసులో ఇవ్వాల్సిన రిపోర్టు, పైన పదిహేడో అంతస్తులో చల్లారిపోతున్న ఉప్మా, అన్నీ ఎటో పోయాయి. నాకు మళ్లీ పదకొండేళ్లు వచ్చాయి.

"అమ్మాయ్, మరీ కాల్చకు," అన్నాడు నాన్న.

కారు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒళ్లో పేపరు పెట్టుకుని, ఆ పేపరు చదవకుండా నా కాళ్ల వైపే చూస్తూ కూర్చుంటాడు ఆయన. ఎనభైకి దగ్గరపడిన మనిషి. కింద నుంచి నాకు ఆయన పాదాలు మాత్రమే కనిపిస్తాయి. పని బాగా సాగుతుంటే బొటనవేలు చెప్పు అంచు మీద తాళం వేస్తుంది, నచ్చకపోతే రెండు పాదాలూ కుర్చీ కిందకి వెళ్లిపోతాయి. ఆయన మొహం చూసి కన్నా ఆ పాదాలు చూసి ఆయన మనసు బాగా తెలుసుకోవచ్చని ఈ వయసులో కనిపెట్టాను.

మంట వెలిగించకూడదని అపార్ట్‌మెంటు రూలు, అందుకని వేడిగాలి ఊదే మిషనొకటి కొన్నాను. అయినా సెల్లార్‌లో ఎవరో చందమామని కాలుస్తున్నారన్నంత హడావుడి చేసి మా అసోసియేషన్ గ్రూపులో మెసేజులు వస్తూనే ఉంటాయి. నేను ప్రతిసారీ చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెడతాను. అదేమిటో, ఆ బొమ్మకి ఎవరూ ఎదురు చెప్పలేరు.

కారుకి నాలుగు చక్రాలు, చక్రానికో బ్రేకు పైపు, పైపు చివర బ్రేకు సిలిండరులోకి బిగించిన ఒక చిన్న నట్టు. ముప్పై అయిదేళ్లు టార్పాలిన్ కింద పడి ఉన్న కారు కదా, నాలుగూ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. మూడు నట్లు మూడు ఆదివారాల్లో ఊడాయి. ఎడమ వెనక చక్రం దగ్గరి నాలుగో నట్టు మాత్రం ఉలకదు, పలకదు. చూడడానికి వచ్చిన మెకానిక్ నా అవస్థ చూసి నవ్వాడు. "మేడం, పైపు కోసి పడేద్దాం. సిలిండరుతో సహా కొత్తది ఏస్త. పది నిమిషాల పని," అన్నాడు. అతను చెప్పింది సబబే. ఆ పైపు ఎలాగూ పనికిరాదు, ఆ నట్టూ పనికిరాదు. కానీ నాకు కావలసింది పైపు కాదు. ఆ నట్టు విరక్కుండా, దాని లోపల దాగి ఉన్న పైపు మూతి చితక్కుండా, ఉన్నది ఉన్నట్టు బయటికి రావాలి. దాన్ని అప్పట్లో బిగించిన మనిషి చేతిది తప్పా కాదా అన్నది దాని లోపల ఉంది. ఆ తప్పు ఆయనది కాదనీ నాదేననీ నాకు చాలాకాలంగా అనుమానం.

ఆ మనిషి దేవదానం అంకుల్.

మేం హఫీజ్‌పేటకి కాపురానికి వచ్చేనాటికి అక్కడ ఇళ్లకన్నా బండరాళ్లే ఎక్కువ. నాన్నది నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం, అమ్మ లెక్కల టీచరు. బందరు పక్క పల్లె నుంచి వచ్చిన మా ఇంట్లో ప్రతి మాటకీ చివర ఒక 'అండీ' ఉండేది. పక్కింట్లో జనగామ వైపు నుంచి వచ్చిన దేవదానం అంకుల్‌కి మా 'అండీ'లు వింటే మహా సరదా. ఆయన రైల్వేలో ఫిట్టరు. ఆయన భార్య శాంత ఆంటీ సర్కారు దవాఖానాలో నర్సు. రెండిళ్లకీ మధ్య నడుం ఎత్తు గోడ ఒకటుండేది, దాని మీదుగా కరివేపాకు, థర్మామీటరు, వారపత్రిక, ఏడుస్తున్న పిల్లలు, అన్నీ అటూ ఇటూ మారుతుండేవి.

ఎండాకాలం ఆ బండరాళ్లు పొద్దుగూకినా చల్లారేవి కావు, మేం పిల్లలం వాటి మీద పడుకుని వీపులు కాచుకునేవాళ్లం. తొలివాన పడగానే రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలిచి కప్పలు అరిచేవి. వానలు వెనకబట్టేసరికి తంగేడు విరగబూసేది, బతుకమ్మ కోసం ఆడవాళ్లు గంపలతో వస్తే మేమూ గునుగుపూలు కోసుకుని వాళ్ల వెంటపడేవాళ్లం. ఆ వెంటనే సీతాఫలాలు దిగేవి. స్టేషన్లో ఆగిన రైల్లోంచి గంపలకి గంపలు దించుతుంటే ప్లాట్‌ఫారమంతా తియ్యటి వాసన కమ్ముకునేది, పండిన కాయ ఒకటి కిందపడి చితికితే దాని చుట్టూ మాతో పాటు ఈగలూ చేరేవి. చలికాలం ద్రాక్షతోటల మీదుగా వచ్చే గాలికి పళ్లు టకటకలాడేవి, ఆ చలిలోనే శాంత ఆంటీ ఇంటి ముందు కాగితపు నక్షత్రం వేలాడేది, ఆ ఇంట్లోంచి కజ్జికాయలు వేగే నూనె వాసన వచ్చేది. మా ఇంటి ఉగాది పచ్చడి గిన్నె అటు వెళ్తే, క్రిస్మస్ కజ్జికాయల డబ్బా ఇటు వచ్చేది, ఏ డబ్బా ఎవరిదో చివరికి ఎవరికీ గుర్తుండేది కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న ఈ కారు కొన్నాడు. రిటైరైన ఆఫీసరొకాయన వాడి వాడి వదిలేసిన కారు, పాలిపోయిన పిస్తా రంగు. మా వీధికి అదే మొదటి కారు. వీధి వీధంతా వచ్చి చూసి, తలుపులు వేసి తీసి, హారన్ కొట్టి వెళ్లింది. వారం తిరక్కుండానే అమ్మ దాని అసలు ఉపయోగం కనిపెట్టింది. మధ్యాహ్నప్పూట కారు పైకప్పు మీద తడిగుడ్డ పరిచి వడియాలు పెడితే రెండో రోజుకి గలగలలాడేవి. ఆఫీసుకి కారులో వెళ్దామని నాన్న ముస్తాబై వస్తే, పైన మినప వడియాలుండేవి. పాపం, ఆ ఎండాకాలమంతా ఆయన బస్సులోనే వెళ్లాడు.

వీధిలో పిల్లలందరికీ ఆ కారు ఒక ఇల్లు, ఒక రైలు, ఒక బడి. దాని నీడలో తొక్కుడుబిళ్ల గీతలు గీసేవాళ్లం, వాన పడితే లోపల దూరి కచ్చకాయలు ఆడేవాళ్లం. వెనక సీటు స్ప్రింగు ఒకటి పైకి లేచి ఉండేది, ఓడిపోయినవాళ్లు దాని మీద కూర్చోవాలని రూలు.

ఇక ఆదివారాలు. అంకుల్ చర్చి నుంచి రాగానే తెల్లచొక్కా విప్పి, ఖాకీ చొక్కా తొడుక్కుని, గోడ దూకి మా ఇంటికి వచ్చేవాడు. చంకలో కాన్వాసు గుడ్డ చుట్ట ఉండేది. నేల మీద దాన్ని విప్పితే, చిన్నదాని పక్కన పెద్దది చొప్పున పానాలన్నీ వాటి వాటి జేబుల్లో పడుకుని ఉండేవి. ఆఖరి జేబులో మాత్రం పానా ఉండేది కాదు, కొవ్వొత్తి ముక్కలుండేవి. చర్చిలో కాలగా మిగిలిన ముక్కల్ని అడిగి మరీ తెచ్చుకునేవాడు. బిగుసుకుపోయిన నట్టు ఏదైనా ఎదురైతే దాన్ని బాగా వేడిచేసి, కొవ్వొత్తి ముక్క ఆనించేవాడు. మైనం కరిగి మరల్లోకి ఇంకిపోయేది.

"దేవుని ముంగట ఎలిగిన ఒత్తి బిడ్డా, ఎంత మొండి జంగైనా దీని మాట ఇంటది," అనేవాడు నాతో. తుప్పుని ఆయన జంగు అనేవాడు.

నాన్నది దూకుడు. పానా పట్టుకుంటే పళ్లు బిగించి, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగుడు లాగేవాడు. నట్టు మూలలు అరిగిపోయి గుండ్రంగా తయారయ్యేవి. అంకుల్ ఆయన చేతిలోంచి పానా మెల్లిగా తీసుకునేవాడు. "ఇప్పాలంటే ముందుగాల జర బిగియ్యాలె సారు. మనం బిగిస్తున్నం అనుకొని పట్టు ఇడుస్తది. గప్పుడు ఇప్పాలె," అని, నిజంగానే ముందు వెంట్రుకవాసి బిగించి, తర్వాత విప్పేవాడు. మళ్లీ బిగించేటప్పుడైతే చివరికి రెండు వేళ్లతోనే. ఎంత బిగించాలో ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను. "చెయ్యి చెప్తది," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో కనిపించిన గర్వం నాకింకా గుర్తుంది. అంత మెత్తటి మనిషికి గర్వం ఉన్నది ఆ ఒక్క విషయంలోనే.

ఈ కథలోకి ఇప్పుడు మామ్మ రావాలి. నాన్న వాళ్లమ్మని మేం మామ్మ అనేవాళ్లం. కారు కొన్న మరుసటి ఏడాది ఊరి నుంచి మా దగ్గర ఉండడానికి వచ్చింది. వచ్చిన రోజే కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వీధిలో అందరి కళ్లూ దీని మీదే ఉన్నాయని తేల్చేసింది. రాళ్లుప్పు, ఎండుమిరపకాయలు, ఆవాలు, ఒక పటిక ముక్క, ఎర్రగుడ్డలో మూట కట్టి కారు ముందు అద్దానికి వేలాడదీసింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన నాన్న దాన్ని పీకి అవతల పారేశాడు.

"ఆనకట్టలకి డ్రాయింగులు గీసేవాణ్ణి, నా కారుకి దిష్టిమూట ఏంటే అమ్మా! నలుగురూ నవ్వుతారు," అన్నాడు.

మామ్మ మర్నాడు నన్ను పెరట్లోకి పిలిచింది. నలుగురికీ కనపడితే కదా నవ్వేది, కనపడని చోట కట్టు అంది. అద్దానికి కడితేనేం, అడుగున కడితేనేం, ఉప్పు పని ఉప్పు చేస్తుంది అంది. నేను సన్నగా, ఎండు చేపలా ఉండేదాన్ని. ఆ వీధిలో కారు కిందకి అంత సులువుగా దూరగలిగేది నేనొక్కదాన్నే. దూరి, చెయ్యి అందిన చోటల్లా తడిమితే, ఎడమ వెనక చక్రం దగ్గర సన్నటి గొట్టం ఒకటి వంపు తిరిగి లోపలికి పోతూ కనిపించింది. దానికి కట్టాను. పూలదారం నిలవదని నాన్న పాత రేడియోలోంచి తీసిన రాగి తీగతో రెండు చుట్లు తిప్పి మరీ కట్టాను. పని గట్టిగా చెయ్యాలన్న పట్టుదల నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

అలా ఏడాది పాటు ప్రతి అమావాస్యకీ పాత మూట తీసేసి కొత్త మూట కట్టేదాన్ని. ఎండాకాలం ఉప్పు పొడిపొడిగా ఉండేది. వానాకాలం మాత్రం మూట తడిసి ముద్దై, నల్లటి నీళ్లు బొట్లు బొట్లుగా గొట్టం వెంట కారేవి. ఎవరి కళ్లో గట్టిగా తగిలాయి, అందుకే కరుగుతోంది అనేది మామ్మ తృప్తిగా. అంకుల్ కారు కింద దూరే ఆదివారాల్లో ముందే విప్పి దాచేసి, ఆయన వెళ్లాక మళ్లీ కట్టేదాన్ని. ఇంటి మొత్తాన్నీ నేనే కాపాడుతున్నానన్న నమ్మకంతో ఆ ఏడాది నేను నేల మీద నడిచిన గుర్తు లేదు.

ఆ ఏడు దసరా సెలవుల్లో రెండిళ్ల వాళ్లం కలిసి గండిపేట చెరువుకి బయల్దేరాం. అమ్మ పులిహోర కలిపింది, శాంత ఆంటీ గారెలు చేసింది. ముందు నాన్న, అమ్మ. వెనక అంకుల్, ఆంటీ, మామ్మ, మామ్మ ఒళ్లో పులిహోర డబ్బా, ఆ డబ్బాకీ తలుపుకీ మధ్య నేను. వీధి చివర చిన్న పల్లం ఉండేది. అక్కడ నాన్న బ్రేకు తొక్కాడు. కాలు నేలకి తగిలింది గానీ కారు ఆగలేదు. ఆయన చేతి బ్రేకు లాగి, స్టీరింగు పక్కకి తిప్పితే, కారు వెళ్లి ఎవరో ఇల్లు కడుతూ పోయించిన ఇసక కుప్ప ఎక్కి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. మామ్మ మాత్రం తలనిండా పులిహోరతో, పోపు గింజలతో సహా కూర్చుని ఉంది.

పెద్దవాళ్లు దిగి కారు ముందు భాగం చూస్తున్నారు. అంకుల్ పానాల కోసం ఇంటికి పరుగెత్తాడు. అప్పుడు మామ్మ నా వైపు చూసి కళ్లతోనే సైగ చేసింది. నేను కారు కిందకి దూరి మూటని పట్టి లాగేశాను. గుడ్డ చిరిగి మూట చేతికొచ్చింది, రాగి తీగ మాత్రం తుప్పులో కూరుకుపోయి రాలేదు. మూట తంగేడు పొదల్లో పడేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడ్డాను.

అంకుల్ వచ్చి కింద దూరాడు. ఎడమ వెనక పైపు నట్టు దగ్గర నూనె కారుతోంది, ఆ నూనెలో, మడ్డిలో తీగ ఆయన కంటపడలేదు. ఆ పైపు అంతకు ఏడాది ముందు ఆయనే స్వయంగా కొత్తది వేసి బిగించాడు. ఇప్పుడు అది విప్పుదామంటే కదల్లేదు. బిగించి విప్పినా, మైనం పెట్టినా, కదల్లేదు. కారు నిండా మనుషులున్నారు, చిన్నపిల్ల ఉంది, అది ఇసక కాకుండా రాయి అయ్యుంటే అన్న భయమంతా నాన్న నోట్లోంచి వేరే మాటగా వచ్చింది.

"ఇది రైలింజను కాదండీ దేవదానంగారూ! అంత బలంగా బిగించేస్తే పైపు పగలక ఏమవుతుంది?"

వీధిలో సగం మంది అక్కడే ఉన్నారు. అంకుల్ గుడ్డతో ఒక్కో పానా తుడిచి, ఒక్కోదాన్ని దాని జేబులో పెట్టి, చుట్ట చుట్టాడు. "గట్లనే అయ్యుంటది సారు," అన్నాడు చివరికి. చెయ్యి చెప్తుందని గర్వంగా అన్న మనిషి, తన చేతుల వైపు ఒకసారి చూసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మామ్మ నా చేతిలో బాగా పండిన సీతాఫలం ఒకటి పెట్టి, నోరు మెదపకు అంది. దిష్టిమూటే లేకపోతే అందరం పోయేవాళ్లమని ఆవిడ గట్టి నమ్మకం. నేనూ నమ్మాను, పండు తిన్నాను. పదో తరగతిలో సైన్సు టీచరు మేకుల్ని ఒక గ్లాసులో ఉప్పునీళ్లలో, ఒక గ్లాసులో మామూలు నీళ్లలో వేసి వారం తర్వాత చూపించింది. ఉప్పునీళ్లలోని మేకు చూడగానే నాకు ఆ గొట్టం గుర్తొచ్చింది. కానీ అప్పటికే ఆలస్యమైపోయిందనుకున్నాను. పదిహేనేళ్ల పిల్లకి నాలుగేళ్లే ఆలస్యం అనిపిస్తే, తర్వాత తర్వాత ఇక చెప్పేదేముంది. పరీక్షలు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. మామ్మ పోయింది. నేను నోరు మెదపలేదు.

కారుని ఇటుకల మీదికెక్కించి నాన్న టార్పాలిన్ కప్పేశాడు. ఇంకో మెకానిక్‌ని పిలవడు, అంకుల్‌ని అడగడు. అడిగితే 'చూద్దాం' అనేవాడు. రెండిళ్ల మధ్యా మాటలు ఆగలేదు, కజ్జికాయలూ ఉగాది పచ్చడీ ఆగలేదు, కానీ ఆ కాన్వాసు చుట్ట మాత్రం మళ్లీ మా గోడ దాటి రాలేదు. ఆదివారాలు ఎంత పొడుగ్గా ఉంటాయో నాకు ఆ తర్వాతే తెలిసింది.

కిందటేడు హఫీజ్‌పేట ఇల్లు అపార్ట్‌మెంటు కట్టడానికి ఇచ్చేశాం. టార్పాలిన్ కింది కారుని లారీలో ఎక్కించి కోకాపేట తెచ్చుకున్నాం. ఆ క్రిస్మస్‌కి నేనొక్కదాన్నే అంకుల్ వాళ్లింటికి వెళ్లాను. వరండాలో నల్లా కింద బకెట్టు, అందులో టప్ టప్‌మని నీటి చుక్క. బాగు చేయించలేదా ఆంటీ, అన్నాను మాటవరసకి.

"ఈయన చేసిన బాగే గిది," అంది శాంత ఆంటీ నవ్వుతూ. "మీ కారు ముచ్చటైనకాడి సంది ఏ నట్టూ పూరా బిగియ్యడు. ఎక్కువైతే పగులుతదని పరేషాన్. ఈయన బిగించినంక నేను మల్లొక్కసారి బిగిస్తుంట. ఆ నల్లా ఒక్కటి నా చేతుల లేదు."

అంకుల్ కిటికీ వైపు చూస్తూ చాయ్ తాగుతున్నాడు, విననట్టు. ఫిట్టరుగా బతికిన మనిషి, ముప్పై అయిదేళ్లుగా తన చేతిని తను నమ్మడం లేదు. తిరుగు దారిలోనే అనుకున్నాను, ఆ నట్టు విప్పాలని.

అందుకే ఈ నాలుగు ఆదివారాలు. వారమంతా తుప్పు వదిలించే మందు చల్లుతూ వచ్చాను. నట్టు ఆరు వైపులా పట్టుకునే పానా తెప్పించాను. ఇవాళ అంకుల్ చేసినట్టే వేడిచేసి, మైనం ఆనించి, చల్లారనిచ్చి, మళ్లీ వేడిచేసి మైనం ఆనించాను. మూడోసారి మైనం చుక్క మరల దగ్గర కాసేపు ఆగి, లోపలికి జారిపోయింది. ముందు బిగించాను, వెంట్రుకవాసి. లోపల ఎక్కడో చిన్నగా టిక్కుమంది. అప్పుడు విప్పే వైపు తిప్పాను. కదిలింది. ఒక్కసారిగా తిప్పేస్తే పైపు కూడా దాంతో మెలిపడి తెగిపోతుంది. అందుకని ఇటు కొంచెం, అటు కొంచెం, నిద్రపోతున్న పిల్లాడి చేతిలోంచి బొమ్మ తీసినంత మెల్లగా తిప్పుతూ, చివరికి నట్టుని బయటికి తీసి, దాంతో వచ్చిన పైపు కొసని జానెడు మేర కోసుకున్నాను.

కారు కింద నుంచి బయటికి రాకుండానే, టార్చి వెలుగులో చూశాను. పైపు మూతి గుండ్రంగా, తళతళలాడుతూ ఉంది. ఎక్కడా పగుల్లేదు. మరలు ఒక్కటి కూడా సాగలేదు. నట్టుని మెల్లగా వెనక్కి జరిపితే, అది కప్పిన చోట, పైపు పక్కన సూది బెజ్జమంత చిల్లు. దాని చుట్టూ తెల్లటి పెచ్చులు. ఆ పక్కనే, పచ్చబడిపోయిన రాగి తీగ, రెండు చుట్లు.

"నాన్నా," అన్నాను కింద నుంచే. "అంకుల్ బిగించడం సరిగ్గానే ఉంది. పైపుని ఉప్పు తినేసింది. ఆ ఉప్పు నేనే కట్టాను." మామ్మ దగ్గర మొదలుపెట్టి తంగేడు పొద దాకా అంతా చెప్పేశాను. మొహం చూస్తూ చెప్పలేనని తెలుసు, అందుకే పడుకునే చెప్పాను.

పాదాలు కదల్లేదు. తర్వాత చెప్పులు సరిచేసుకున్నాయి.

"నా ఇస్త్రీ చొక్కా ఎక్కడ పెట్టింది మీ అమ్మ?" అన్నాడు నాన్న లేస్తూ.

క్యాబులో హఫీజ్‌పేట చేరేదాకా ఆయన పేపరులో పొట్లం కట్టిన నట్టుని ఒళ్లోంచి దించలేదు. నేను అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. గచ్చిబౌలిలో మేం సీతాఫలాలు ఏరుకున్న గుట్ట మీద ఇప్పుడు ఏవో అద్దాల ఆఫీసులు, వాటి ముందు బైక్ ట్యాక్సీలు. ద్రాక్షతోటలు ఎక్కడుండేవో ఆనవాలు కూడా పట్టలేకపోయాను. మా వీధి పల్లం చదునైపోయింది. మా ఇల్లున్న చోట పచ్చటి గుడ్డలు కట్టిన పరంజా, నడుం ఎత్తు గోడ లేదు. ఇవన్నీ పోయినందుకు నాకు పెద్ద దిగులేమీ లేదు, ఇవి పోయిన చోటే నా ఉద్యోగమూ నా ఇల్లూ వచ్చాయి. కానీ ఆ గోడ ఒక్కటి ఉండాల్సింది.

వరండాలో నల్లా టప్ టప్‌మంటోంది. నాన్న పేపరు పొట్లం విప్పి, నట్టుని పైపుతో సహా అంకుల్ అరచేతిలో పెట్టాడు. అంకుల్ కళ్లజోడు పైకి నెట్టి, కంటికి దగ్గరగా పెట్టుకుని, గోటితో మరలన్నీ తడిమి, మూతి చుట్టూ వేలు తిప్పాడు. చిల్లు దగ్గర ఆగాడు. తీగ దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాడు.

"గిది నేను కట్టిన తీగ కాదు," అన్నాడు.

"నేను కట్టానంకుల్," అని మళ్లీ మొదటి నుంచి చెప్పాను, ఈసారి మొహం చూస్తూ. సగంలోనే నాకు ఏడుపు వచ్చేసింది. ఆయన చివరిదాకా విన్నాడు.

"ముప్పై అయిదేండ్లు చెప్పకపోతివి గద బిడ్డా," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో, కానీ ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది.

"తప్పు దానిది కాదండీ, చిన్నపిల్ల. నలుగురిలో మిమ్మల్ని అంత మాట అన్నది నేను," అన్నాడు నాన్న. "ఆ మాట నేను అనకూడదండీ దేవదానంగారూ."

అంకుల్ మా ఇద్దరి వైపూ చూడలేదు. తన అరచేతి వైపే చూసుకుంటున్నాడు. "మూతి సక్కగున్నది," అన్నాడు. మళ్లీ గోరు ఆనించి చూసి, "మరలు సక్కగున్నయి," అన్నాడు. ఆ తర్వాత ఒక్కసారిగా నవ్వాడు. "మీ అమ్మ ఉప్పు ఎంత గట్టిదో సారు! ఇనుమును తిన్నది." నాన్న కూడా నవ్వాడు. ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు, నవ్వుకో దేనికో.

నట్టుని చొక్కా జేబులో వేసుకుని అంకుల్ మెల్లగా లేచాడు. లోపలికి వెళ్లి కాన్వాసు చుట్ట తెచ్చి వరండాలో విప్పాడు. జేబులన్నీ నిండుగా ఉన్నాయి, ఆఖరి దాంట్లో కొవ్వొత్తి ముక్కలతో సహా. ఒక పానా ఏరుకుని, వంగి, నల్లా పైపులో కలిసేచోట నట్టుకి తగిలించాడు. రెండు వేళ్లతో తిప్పాడు. ఆగాడు. తల ఒక పక్కకి వంచి, ఏదో వింటున్నట్టు, ఇంకొంచెం తిప్పాడు.

బకెట్లో చప్పుడు ఆగిపోయింది. మేం ముగ్గురం దాని వైపే చూస్తూ నిలబడ్డాం. వంటింట్లోంచి శాంత ఆంటీ గొంతు వినిపించింది.

"ఏందయ్యా, నల్లా బందయిందా?"

"బంద్ గాలే," అన్నాడు అంకుల్. "బిగించిన."